పూడ్చే మట్టికీ లెక్క ఉండాలి

ఈత కొలను ఇప్పుడు పెద్ద హోటళ్ల సొత్తు కాదు. ఒడిశా తీరంలోని గోపాలపురం రిసార్టుల నుంచి బరంపురం శివారు స్కూళ్లు, ఫంక్షన్ హాళ్ల దాకా కొలను కావాలనే అంటున్నారు. కట్టించే వారి ధ్యాస టైల్స్ మీద, ఫిల్టర్ మీద ఉంటోంది. చుట్టూ పూడ్చే మట్టిని, ఆ మట్టిలో ఊరే నీటిని పట్టించుకునేవారు తక్కువ. కొలను చెడేది అక్కడే.

ముందు నీటి సంగతి. తీరం వెంబడి ఇసుక నేలల్లో వానాకాలం ఊట, అంటే నేలలోపలి నీరు, బాగా పైకొస్తుంది. కొలను నిండుగా ఉంటే లోపలి నీటి బరువు ఆ ఊటను అణచి ఉంచుతుంది. పని నడుస్తున్నప్పుడు అది ఖాళీ తొట్టె. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న కొలను అడుగు భాగానికి మీటరు ఎత్తున ఊట నిలిస్తే, కింది నుంచి పైకి తోసే బలం 250 టన్నులు. అడుగు భాగం, మీటరున్నర ఎత్తు గోడలు 20 సెంటీమీటర్ల మందాన పోస్తే ఆ కాంక్రీటంతా కలిపి 200 టన్నులైనా తూగదు. ఇక అడుగు పగలాలి, లేదా కొలను మొత్తం పైకి లేవాలి. అయినా స్లాబు పడగానే డీజిల్ దండగని ఊట తోడే పంపు ఆపేస్తారు. అడుగున కంకర పొర, చుట్టూ జియోటెక్స్‌టైల్ గుడ్డ (మట్టిని ఆపి నీటిని వదిలేది) చుట్టిన చిల్లుల పైపు, దాని చివర నీళ్లు చేరే సంపు మొదటే ఉండాలి. కొలను నింపేదాకా పంపు ఆగకూడదు. తోడిన నీళ్లు పొరుగువాళ్ల గుమ్మాల ముందుకు వదలడం మరో అన్యాయం.

ఇక కొలను గోడకూ తవ్విన గోతి గట్టుకూ మధ్య సందును పూడ్చే తీరు చూస్తే బాధేస్తుంది. జేసీబీ ఒక్క సాయంత్రంలో మట్టంతా తోసేస్తుంది. ఇటుక ముక్కలు, చిరిగిన సిమెంటు సంచులు, షట్టరింగ్ చెక్కలు అన్నీ అందులోకే. పైన బకెట్‌తో నాలుగు దెబ్బలు కొడితే పై అర అడుగు గట్టిపడుతుంది, కింద అంతా గుల్లే. మొదటి పెద్ద వానకు ఆ మట్టి దిగిపోతుంది. పైనున్న టైల్స్ కుంగుతాయి, లోపల పాతిన పైపుల జాయింట్లు ఊడతాయి, కారిన నీళ్లు మిగిలిన మట్టినీ కోసుకుపోతాయి. యజమాని టైల్స్ మేస్త్రీని తిడతాడు. తప్పు అతనిది కాదు.

దిమ్మిస కొట్టిన పాత మేస్త్రీలకు తెలిసిన పనే ఇది. అర అడుగు మందాన మట్టి పరచి, తగినంత తడిపి, కుదించాకే పై పొర వేయాలి. పిడికిట నొక్కితే మట్టి ముద్ద కట్టాలి, చేతికి నీరు కారకూడదు. ఇసుకైతే ప్లేట్ కంపాక్టర్ అనే కుదింపు యంత్రం అదురుకు బాగా సర్దుకుంటుంది. బంకమట్టి, నల్లరేగడి పూడ్చడానికి అసలు పనికిరావు. తడిస్తే ఉబ్బి గోడను నెడతాయి, ఎండితే బీటలిస్తాయి. అలాంటిచోట గరుసు తెప్పించుకోవాల్సిందే. కాంక్రీటుకు బలం రాకముందే, అంటే మామూలుగా 28 రోజులు నిండకముందే, గోడ మీదికి మట్టి తోయకూడదు. గోడ పక్కకు పెద్ద రోలర్ అసలే రాకూడదు.

మన దగ్గర అక్టోబరును నమ్మలేం. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ గజపతి, గంజాం జిల్లాలను వానతో ముంచింది. రెండూ అక్టోబరు తుపాన్లే. చలికాలం సీజన్‌కల్లా తెరవాలని తొందరపడితే ఖాళీ కొలను, గుల్ల మట్టి సరిగ్గా ఆ నెలకే దొరుకుతాయి.

అందుకే బరంపురం మున్సిపల్ కార్పొరేషన్, గోపాలపురం ఎన్ఏసీ (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్, అక్కడి పట్టణ పాలక మండలి) ప్లాన్ ఆమోదించేటప్పుడే డ్రైనేజీ డ్రాయింగ్ అడగాలని కోరుతున్నాం. పూడ్చిన మట్టి, ల్యాబ్‌లో కుదించినప్పుడు వచ్చే గరిష్ఠ సాంద్రతలో 95 శాతానికి చేరిందని, మట్టి పరీక్షల భారత ప్రమాణమైన ఐఎస్ 2720 ప్రకారం చేసిన పరీక్ష కాగితం చూపించాకే చుట్టూ డెక్ (నడిచే గచ్చు) పోయనివ్వాలి. డెక్‌కు మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున బయటికి వాలు ఉందో లేదో ఇంజినీరు స్వయంగా వచ్చి చూడాలి. ఆ సందులోకి దిగి మట్టి కుదించేది తెలుగు, ఒడియా కూలీలు. ఇసుక గట్టుకు ఆసరా పలకలు లేని గోతిలోకి వాళ్లను దింపే కాంట్రాక్టరు పనిని ఆ రోజే ఆపించాలి.