ఒక్క రాత్రితో తేల్చేశారు

అమెరికన్ సంగీతకర్త శామ్యూల్ బార్బర్ జీవితంలో గుర్తుపెట్టుకోవలసిన రెండు తేదీలు జనవరిలోనే వస్తాయి. 1958 జనవరి 15న న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా (మెట్)లో ఆయన ‘వెనెసా’ అనే ఒపేరాకు, అంటే పాటలతోనే సాగే నాటకానికి, తెర లేచింది. 1981 జనవరి 23న అదే నగరంలో ఆయన కన్నుమూశారు. ఆ రెండు తేదీల మధ్య 1966 సెప్టెంబరు 16 అనే రాత్రి ఒకటుంది. ఆయన మరో ఒపేరా ‘ఆంటొనీ అండ్ క్లియోపాట్రా’ మొదటి ప్రదర్శన అది. ‘వెనెసా’ ఇచ్చిన పేరును ఆ రాత్రి ఒక్క దెబ్బకు లాగేసుకుంది. ఆ రాత్రి ఇచ్చిన తీర్పు తప్పని ఈ పత్రిక నమ్ముతోంది. తీర్పు ఇచ్చినవాళ్లలో మాలాంటి పత్రికలే ముందు వరసలో ఉన్నాయి కాబట్టి, ఈ మాట చెప్పవలసిన బాధ్యత కూడా మాదేనని అనుకుంటున్నాం.

బార్బర్ పేరు వినని తెలుగువారి చెవిన కూడా ఆయన స్వరం పడే ఉంటుంది. తీగ వాయిద్యాలు మాత్రమే పలికే ‘అడాజియో ఫర్ స్ట్రింగ్స్’ ఆయన రాసిందే. 1945లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మరణవార్త వచ్చినప్పుడు అమెరికా రేడియోలో అదే వినిపించింది. వియత్నాం యుద్ధం మీద 1986లో వచ్చిన ‘ప్లటూన్’ సినిమాలో నేపథ్యంగా సాగేదీ అదే. 2001 సెప్టెంబరు దాడులు జరిగిన నాలుగు రోజులకు లండన్‌లో ప్రామ్స్ సంగీతోత్సవాల ఆఖరి రోజున అదే వాయించారు. ఒక దేశానికి దుఃఖం వచ్చిన ప్రతిసారీ వెతుక్కునే సంగీతం అది. 26 ఏళ్ల కుర్రాడు 1936లో నాలుగు తీగ వాయిద్యాల కోసం రాసిన స్ట్రింగ్ క్వార్టెట్‌లో అదొక భాగం మాత్రమే.

ఆ కుర్రాడు ఒంటరిగా అంతవాడు కాలేదు. మేం ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టర్ అనే చిన్న ఊళ్లో 1910 మార్చి 9న బార్బర్ పుట్టారు. తండ్రి డాక్టర్. తల్లి పియానో వాయించేవారు. తల్లి అక్క లూయిస్ హోమర్ అప్పటికే మెట్‌లో పేరున్న గాయని, ప్రఖ్యాత ఇటాలియన్ గాయకుడు కరూసో సరసన పాడిన కంఠం ఆమెది. ఆమె భర్త సిడ్నీ హోమర్ పాటలు కట్టే సంగీతకర్త. తొమ్మిదేళ్ల వయసులో బార్బర్ తల్లికి ఒక చీటీ రాశాడు. తాను సంగీతకర్త కావడానికే పుట్టానని, దాన్ని మరిచిపోయి ఫుట్‌బాల్ ఆడుకోమని మాత్రం చెప్పవద్దని అందులో వేడుకున్నాడు. ఏ ఇంట్లోనైనా ఇలాంటి చీటీ చూసి నవ్వుకుని పక్కన పడేస్తారు. ఆ ఇంట్లో అలా జరగలేదు. మరుసటి ఏడాది పిల్లవాడు ఒపెరెట్టా, అంటే చిన్న ఒపేరా, మొదలుపెడితే, దానికి మాటలు రాసిపెట్టింది వాళ్లింట్లో వంటచేసే ఐరిష్ మహిళ. స్కూల్ బోర్డు అధ్యక్షుడిగా ఉన్న తండ్రి, సంగీతం రాసే విద్యార్థి ఎవరైనా శుక్రవారం ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా కచేరీకి వెళ్లడానికి సెలవు తీసుకోవచ్చని ఏకంగా నిబంధనే పెట్టించారు. ఆ ఊళ్లో ఆ నిబంధన పనికొచ్చే పిల్లాడు ఇంకొకడు ఉన్నాడా అన్నది వేరే సంగతి. పెదనాన్న సిడ్నీ అయితే పాతికేళ్లకు పైగా ఉత్తరాల్లో సలహాలు ఇస్తూనే ఉన్నారు.

1924లో మేరీ లూయిస్ కర్టిస్ బాక్ ఫిలడెల్ఫియాలో కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. పద్నాలుగేళ్ల బార్బర్ తొలి విద్యార్థుల్లో ఒకడు. పియానో, స్వరరచన, గాత్రం మూడూ అక్కడే నేర్చుకున్నాడు. 1928 నుంచి ఆ సంస్థ ఎవరి దగ్గరా ఫీజు తీసుకోవడం మానేసింది, ఇప్పటికీ తీసుకోదు. ఆవిడ వెచ్చించిన డబ్బుతో ఎంతమంది పిల్లలు గట్టెక్కారో లెక్క చెప్పడం కష్టం. బార్బర్ విషయంలో ఆవిడ అండ చదువుతో ఆగలేదు, ఇల్లు కొనుక్కునే దాకా నిలిచింది.

అదే 1928లో ఇటలీ నుంచి జియాన్ కార్లో మెనోటీ అనే పదిహేడేళ్ల కుర్రాడు కర్టిస్‌లో చేరాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. బార్బర్‌కు ఇటాలియన్, ఫ్రెంచ్ వచ్చు. అక్కడ కుదిరిన స్నేహం జీవిత సహచర్యంగా మారి దశాబ్దాల పాటు నిలిచింది. ఇద్దరు మగవాళ్ల మధ్య శారీరక సంబంధాన్ని ఆ రోజుల్లో అమెరికా చట్టాలు నేరంగా చూసేవి. న్యూయార్క్ రాష్ట్రంలో ఆ చట్టాన్ని కోర్టు కొట్టేసింది 1980లో, అంటే బార్బర్ చనిపోవడానికి కొన్ని వారాల ముందు. ఆ బంధాన్ని ‘స్నేహితులు’ అన్న మాట చాటున దాటేసే అలవాటు ఇప్పటికీ పోలేదు. మేం అలా దాటెయ్యం. ఆ బంధాన్ని పక్కనపెడితే బార్బర్ ఒపేరాలు అర్థం కావు.

1943లో వాళ్లు న్యూయార్క్‌కు ఉత్తరాన మౌంట్ కిస్కోలో ఇల్లు కొని దానికి కాప్రికార్న్ అని పేరు పెట్టుకున్నారు. ఒకరి పియానో మరొకరికి వినిపించనంత దూరంగా ఇద్దరికీ చెరో గది. ఆ ఇంటికి గాయకులు, కవులు, ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్లు వస్తూ పోతూ ఉండేవారు. యువ కండక్టర్ థామస్ షిప్పర్స్ ఆ గుంపులోవాడే. మెనోటీ అప్పటికే ఒపేరాలో బార్బర్ కంటే చాలా ముందున్నారు. ఆయన ఒపేరా ‘ది కాన్సుల్’కు 1950లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 1951 క్రిస్మస్‌కు ముందు రాత్రి ఎన్‌బీసీ ప్రసారం చేసిన ‘అమాల్’ టీవీ కోసమే రాసిన మొదటి ఒపేరా.

బార్బర్ గాత్రం నేర్చినవాడు కాబట్టి గొంతు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ అలుస్తుందో ఆయనకు తెలుసు. 1935లో తన ‘డోవర్ బీచ్’ పాటను తానే పాడి రికార్డు చేశారు. 1953లో ‘హెర్మిట్ సాంగ్స్’ రాశారు. పాతకాలపు ఐరిష్ సన్యాసులు పుస్తకాల అంచుల్లో రాసుకున్న చిన్న చిన్న కవితలు అవి. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వాటిని మొదటిసారి పాడింది 26 ఏళ్ల లియొంటైన్ ప్రైస్. పియానో ముందు బార్బరే కూర్చున్నారు. నల్లజాతి గాయనికి పెద్ద ఒపేరా వేదికలు ఇంకా తలుపు తీయని రోజులవి. మెట్ తొలిసారి ఒక నల్లజాతి గాయనిని వేదిక ఎక్కించింది రెండేళ్ల తర్వాత, 1955లో.

ఇక ఆ కాలపు వాతావరణం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూనివర్సిటీల్లో పన్నెండు స్వరాల పద్ధతిదే రాజ్యం. ఆధార శ్రుతి అంటూ ఏదీ ఉండకూడదు, పన్నెండు స్వరాలకూ సమాన హోదా ఇచ్చి ఒక వరసలో పేర్చాలి. ఆ పద్ధతిలోనూ గొప్ప రచనలు వచ్చాయి, కాదనం. కానీ రాగం పాడుకునేలా ఉంటే చాలు, పాతకాలపు సరుకని కొట్టిపారేసే స్థితి కూడా వచ్చింది. బార్బర్‌కు ఈ దెబ్బ ఇంకా ముందే తగిలింది. 1938లో ఇటాలియన్ కండక్టర్ టోస్కానీని ‘అడాజియో’ను రేడియోలో వినిపించగానే, ఇందులో కొత్తదనం ఏముందని న్యూయార్క్ టైమ్స్‌కు ఉత్తరం వచ్చింది. దానికి అదే పత్రికలో ఘాటుగా జవాబు రాసింది మెనోటీ. బార్బర్ మాత్రం తన దారి మార్చుకోలేదు. 1949 నాటి పియానో సొనాటాలో పన్నెండు స్వరాల వరసను కూడా వాడుకున్నారు, అయితే తనకు కావలసినంత మేరకే. కొత్త పద్ధతి తెలియక పాడుకునే రాగం రాశాడన్న మాటకు ఆ సొనాటానే జవాబు.

‘వెనెసా’ ఆ కాప్రికార్న్ ఇంట్లోంచే పుట్టింది. లిబ్రెటో, అంటే ఒపేరాకు మాటలు, రాసింది మెనోటీ. మంచు కప్పిన ఉత్తరదేశపు బంగళాలో అద్దాలన్నిటికీ గుడ్డలు కప్పించి ఇరవై ఏళ్లుగా ప్రియుడి కోసం ఎదురుచూసే స్త్రీ కథ. వచ్చింది ప్రియుడు కాదు, అతని కొడుకు. ఆ కుర్రవాడు ఆమె మేనకోడలు ఎరికాను మోసం చేసి, చివరికి వెనెసాను పెళ్లాడి వెళ్లిపోతాడు. అద్దాలకు మళ్లీ గుడ్డలు కప్పమని చెప్పి, ఇక ఎదురుచూడడం తన వంతని ఎరికా కూర్చుంటుంది. పెద్ద గుంపులు లేవు, యుద్ధాలు లేవు. కొద్దిమంది మనుషులు, మూసిన తలుపులు. చివర్లో ఐదు గొంతులు ఒకదాన్నొకటి అల్లుకుంటూ సాగే వీడ్కోలు పాట ఉంది. అది విన్నవారెవరూ బార్బర్‌ను పాతకాలపువాడనే మాటతో సరిపెట్టరు. కండక్టర్ మిట్రోపోలోస్ నడిపించిన ఆ తొలి ప్రదర్శనలో ఎలియనోర్ స్టీబర్ వెనెసా, రోజలిండ్ ఎలియాస్ ఎరికా. ఆ ఏడాది పులిట్జర్ బార్బర్‌కు దక్కింది. 1963లో పియానో కన్చెర్టోకు రెండోసారి వచ్చింది.

లింకన్ సెంటర్‌లో దాదాపు 3,800 సీట్లతో మెట్ కొత్త భవనం కట్టుకుంది. ప్రారంభోత్సవానికి బార్బర్‌నే ఒపేరా అడిగింది. ఆయన షేక్‌స్పియర్ ‘ఆంటొనీ అండ్ క్లియోపాట్రా’ను ఎంచుకున్నారు. లియొంటైన్ ప్రైస్ గొంతును మనసులో పెట్టుకుని క్లియోపాట్రాను రాశారు. కండక్టర్ షిప్పర్స్. ఇంతవరకు అంతా సొంత మనుషులే. కానీ ఈసారి లిబ్రెటో మెనోటీది కాదు. దాన్నీ, దర్శకత్వాన్నీ, సెట్లనూ, దుస్తులనూ ఇటాలియన్ దర్శకుడు ఫ్రాంకో జెఫిరెల్లీ ఒక్కరే చేపట్టారు. ఇక్కడే కథ అడ్డం తిరిగిందని మా అంచనా.

భవనం గొప్ప చూపించాలన్న ఆరాటం సంగీతాన్ని మింగేసింది. గుంపులు గుంపులుగా మనుషులు, వేదిక మీద జంతువులు, కదిలే పిరమిడ్. కొత్తగా అమర్చిన తిరిగే వేదిక బరువు మోయలేక రిహార్సల్స్‌లోనే చెడిపోయింది. డ్రెస్ రిహార్సల్‌లో పిరమిడ్ తెరుచుకోక ప్రైస్ లోపల ఇరుక్కుపోయారు. ఒకవైపు వాద్యకారుల సమ్మె టెన్షన్. అది తీరిందని మేనేజర్ రుడాల్ఫ్ బింగ్ ప్రకటించింది ఆ రాత్రి ప్రదర్శన మధ్యలోనే. అధ్యక్షుడి భార్య సహా ప్రముఖులంతా వచ్చారు. మర్నాడు పత్రికలు దుస్తుల గురించి, యంత్రాల గురించి రాసి, అదే కలంతో సంగీతాన్ని కూడా కొట్టేశాయి. ఎనిమిది ప్రదర్శనల తర్వాత ఆపేశారు. బార్బర్ బతికుండగా మెట్ మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

సంగీతంలో లోపాలు లేవని మేం అనడం లేదు. లోపాలున్నాయని బార్బరే ఒప్పుకుని మళ్లీ కూర్చుని దిద్దారు. తన రెండో సింఫనీ నచ్చక 1964లో దాన్ని ఉపసంహరించుకున్న మనిషి ఆయన, తన రాతల మీద ఆయనకు జాలి లేదు. మేం అడిగేది ఒక్కటే. తిరిగే వేదిక తిరగకపోతే ఆ తప్పు స్వరాలది ఎలా అవుతుంది? కొత్త రచనను ఆహ్వానించిన సంస్థ, మొదటి రాత్రి బాగా సాగకపోతే రెండో అవకాశం ఇచ్చే పూచీ కూడా తీసుకోవాలి కదా? పిలిచిన ఇల్లే అలా వదిలేస్తే రాసినవాడు ఎక్కడికి పోతాడు?

బార్బర్ ఇటలీ కొండల్లోని శాంటా క్రిస్టీనాకు పోయారు. ఏడాదిలో చాలా భాగం అక్కడే. దిగులు, తాగుడు, ఎప్పుడో ఒకటి చొప్పున రచనలు. అప్పటికి మెనోటీతో కలిసి బతికే రోజులు కూడా చెదిరిపోయాయి. కాప్రికార్న్ ఇంటిని అమ్మేశారు. ఆ నష్టం నుంచి ఆయన చివరిదాకా తేరుకోలేదని దగ్గరివాళ్లు చెప్పేవారు.

అయినా ఆ ఒపేరాను తిరిగి నిలబెట్టడానికి వచ్చింది మెనోటీయే. లిబ్రెటోలో గుంపు దృశ్యాలను తగ్గించారు. ఆంటొనీ, క్లియోపాట్రా ఇద్దరే మిగిలేలా ఒక ప్రేమగీతానికి చోటు చేశారు. 1975 ఫిబ్రవరిలో జూలియార్డ్ సంగీత పాఠశాలలో, మెట్ భవనానికి కూతవేటు దూరంలో, విద్యార్థి గాయకులతో ఆ కొత్త రూపం వేదికెక్కింది. మెనోటీ నెలకొల్పిన స్పొలేటో ఉత్సవంలో 1983లో మళ్లీ వచ్చింది. 1991లో షికాగో లిరిక్ ఒపేరా చేపట్టింది. ప్రైస్ అయితే ఇవేవీ రాకముందే, 1968 నుంచి క్లియోపాట్రా రెండు ఘట్టాలను కచేరీల్లో పాడుతూ ఆ పాత్రను బతికించారు.

ఆ ప్రయత్నం మెనోటీ, ప్రైస్‌ల భుజాల మీదే ఆగిపోకూడదు. 1975 నాటి రూపాన్ని పెద్ద ఒపేరా హౌస్‌లు, అన్నిటికంటే ముందు మెట్, తమ సీజన్‌లో పెట్టుకోవాలి. భారీ సెట్లు అవసరం లేదు. ఇద్దరు మంచి గాయకులు, ఓపికగా రిహార్సల్ చేసిన ఆర్కెస్ట్రా చాలు. విమర్శకులు 1966 నాటి సమీక్షలను పక్కన పెట్టి వినాలి. మా పాఠకులు మాత్రం అందాకా ఆగక్కర్లేదు. ప్రైస్ పాడిన ఆ రెండు ఘట్టాల రికార్డు దొరుకుతుంది. ఆంటొనీ లేనప్పుడు తనకు కాస్త సంగీతం వినిపించమని అడుగుతుంది క్లియోపాట్రా. అక్కడి నుంచి మొదలుపెట్టండి.