రాయి తిప్పి చూడని నివేదికలు

వాగులో చేపలు తేలిన ప్రతిసారీ ఇదే తంతు. ఎవరో వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకుపోతారు. కొన్నాళ్లకు 'అన్నీ పరిమితికి లోబడే ఉన్నాయి' అని కాగితం వస్తుంది. అందులోని అంకెలు తప్పని మేం అనడం లేదు. వాగులో ఏది బతికి ఉంది, ఏది పోయింది అన్న ప్రశ్నే అందులో లేదంటున్నాం.

వాగు రాళ్ల మీద కాలు జారినప్పుడు తిట్టుకునే ఆ పాచిలోనే వాగు ప్రాణమంతా ఉంది. ఇసుకరేణువుకన్నా చిన్న గాజు గుల్లల్లో బతికే డయాటమ్‌లనే సూక్ష్మ నాచు జీవులు, బాక్టీరియా, శిలీంధ్రాలు, వాటిని మేసే ఏకకణ జీవులు ఆ పొరలో కాపురముంటాయి. ఎండను తిండిగా మార్చేవీ, రాలిన ఆకును నానబెట్టి పురుగులకు మెత్తగా అందించేవీ అవే. ఎరువుల నీరు, మురుగు వచ్చి కలిస్తే ఈ పాచి చావదు, బలుస్తుంది. మోసమంతా అక్కడే. నాజూకు జాతులు తుడిచిపెట్టుకుపోయి, దేన్నైనా తట్టుకునే కొన్ని రకాలే పరుచుకుంటాయి. పగలు అవి వదిలిన ఆక్సిజన్‌ను రాత్రంతా అవే పీల్చేస్తాయి. తెల్లవారుజామున వాగుకు ఊపిరాడదు. మిట్టమధ్యాహ్నం పట్టిన సీసాలో మాత్రం అంకె భేషుగ్గా ఉంటుంది.

మురుగులో కలిసొచ్చే మందుల సంగతి సరేసరి. అలర్జీకి వాడే డైఫెన్‌హైడ్రమిన్‌ తగిలితే వాగు రాళ్లపై పొరలో కిరణజన్య సంయోగక్రియ దారుణంగా పడిపోతుందని 2013లో అమెరికా పరిశోధకులు చూపించారు. చంపేంత మోతాదు లేని యాంటీబయాటిక్‌లు బాక్టీరియాకు మందులకు లొంగని మొండితనం నేర్పుతాయి. పరిమితులేమో ఒక్కో రసాయనానికి విడివిడిగా రాసుకున్నాం. ఆ జీవుల మీద అన్నీ కలిసే పడతాయి.

ఇందులోని ద్వంద్వనీతే మాకు మింగుడుపడనిది. నీటి మురికిని కొలిచే బీఓడీ పరీక్ష అంటే ఏమిటి? సీసాను 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఉంచి, సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్‌ వాడాయో చూడటమే. శుద్ధి కేంద్రాల్లో వాటికి గాలి ఊది మరీ సాకుతారు. విషపు నీరొచ్చి తొట్టిలో అవి చస్తే ఇంజినీర్లకు ఆ రాత్రి నిద్ర ఉండదు. గోడ దాటాక వాగులో అలాంటివే చస్తే నివేదికలో గడి కూడా ఉండదు. చాకిరీ చేసినంతసేపే వాటివి ప్రాణాలా?

ప్రతి క్రిమినీ లెక్కపెట్టడం ఖర్చుతో, కాలయాపనతో కూడిన పని అంటారు. నిజమే, కొంత ఖర్చవుతుంది. కానీ నాలుగు రాళ్లు తీసి, టూత్‌బ్రష్‌తో పాచి గీకి, డయాటమ్‌లను మైక్రోస్కోపు కింద చూడటం ఇప్పటికే ఉన్న పద్ధతి. జీవులను బట్టి నీటి మురికిని తేల్చే పట్టికలను జర్మన్‌ శాస్త్రవేత్తలు కోల్‌క్విట్జ్‌, మార్సన్‌ 1908లోనే ఇచ్చారు. 1948లో జీవశాస్త్రవేత్త రూత్‌ పాట్రిక్‌ అమెరికాలోని కోనెస్టోగా నదిని ఇలాగే పరిశీలించారు. జీవులను చూసి నీటిని అంచనా వేసే ఈ పద్ధతిని ఐరోపా సమాఖ్య 2000లో చట్టంలోకే ఎక్కించింది. శతాబ్దం దాటినా చేతకాదనడం సాకు తప్ప మరొకటి కాదు.

'పరిమితికి లోబడే ఉంది' అని సంతకం పెట్టే అధికారి, ఆ వాగులో రాయి తీసి ఎప్పుడు చూశారో తేదీతో సహా రాయాలి. చూడకపోతే చూడలేదనే రాయాలి. కనీసం అబద్ధమైనా తగ్గుతుంది.