కస్టమ్స్ ఆఫీసరు తెచ్చిన పురాతన మతం

మన దగ్గర కస్టమ్స్‌లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఏం చేస్తాడు? ఇల్లు కట్టుకుంటాడు, పొద్దున్నే వాకింగుకెళ్తాడు, దారిన పోయే కుర్రాళ్లను ఆపి నీతులు చెబుతాడు. మలయాలో, అంటే ఇప్పటి మలేసియాలో, అదే ఉద్యోగం చేసిన జెరాల్డ్ గార్డ్‌నర్ మాత్రం 1936లో రిటైరై, ఇంగ్లండ్ తిరిగొచ్చి ఒక మతం పెట్టాడు. అపచారం అపచారం, పెట్టలేదు, దొరికింది! 1939లో న్యూ ఫారెస్ట్ దగ్గర, ఎన్నో తరాలుగా రహస్యంగా బతికొస్తున్న మంత్రగత్తెల బృందం తనకు దీక్ష ఇచ్చిందని, వాళ్లది క్రైస్తవం కంటే పాత మతమని చెప్పుకొచ్చాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ అందరి సరుకుకీ కాగితాలడిగిన మనిషి, తన సరుకు దగ్గరికొచ్చేసరికి ఒట్టేశాను, అన్నీ చెప్పకూడదన్నాడు.

ఆ సరుకు పేరే విక్కా. ఒక దేవత, కొమ్ములున్న ఒక దేవుడు, పౌర్ణమి పూజలు, ఏడాదికి ఎనిమిది పండగలు, తొమ్మిదడుగుల వలయం, అందులో నల్లపిడి కత్తి. గార్డ్‌నర్ బృందంలో పూజంతా ఒంటిమీద నూలుపోగు లేకుండానే. దానికి వాళ్లు పెట్టుకున్న పేరుకి అర్థం ఆకాశమే బట్ట అని, అంటే అచ్చం మన దిగంబరమే. ఇంగ్లండ్ చలిలో ఇది ఎంత భక్తి ఉంటే అవుతుందో మీరే ఆలోచించండి. ఆయన అప్పటికే న్యూడిస్టు క్లబ్బు మెంబరు కావడం కేవలం దైవలీల.

వెక్కిరించడం తేలికే గానీ, ఇందులో నరకం లేదు, చందాల కోసం ఇంటింటికీ తిరగడం లేదు, ఎవరికీ హాని చేయనంతవరకు నీ ఇష్టం అంటారు, అంతే. మన పల్లెల్లో చేతబడి చేసిందన్న అనుమానం చాలు, ఒంటరి ముసలమ్మని చెట్టుకు కట్టేసి కొట్టడానికి. అక్కడేమో చాలా బృందాల్లో ఏడాదీ ఒక రోజూ నేర్చుకుని మరీ మంత్రగత్తె అనిపించుకుంటారు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి దాదాపు 13 వేల మంది మాది విక్కా అని రాయించుకున్నారు.

అసలు కథ డోరీన్ వాలియంటేది. 1953లో గార్డ్‌నర్ దగ్గర దీక్ష తీసుకున్న ఈవిడ, తరతరాల నాటివన్న మంత్రాలు చదివి, ఇవి ఆ కాలపు ఇంగ్లీషు మాంత్రికుడు అలీస్టర్ క్రౌలీ రాసిన ముక్కలు కదా అని పట్టేసింది. గార్డ్‌నర్ ఏమాత్రం తడబడకుండా, అయితే నువ్వే బాగా రాయమని చేతికిచ్చాడు. రాసింది కూడా, ఎంత బాగా అంటే ఇవాళ్టికీ విక్కాలో జనం భక్తిగా చదివే దేవత వాక్కు చాలావరకు ఆవిడ కలానిదే. సనాతనం, 1950ల నాటిది.

ఈలోగా గార్డ్‌నర్‌కి పేపర్లలో ఫొటోలంటే మోజెక్కింది. రహస్య మతానికి ఈ పబ్లిసిటీ ఏంటి, కొన్ని నియమాలు పెట్టుకుందామని 1957లో డోరీన్ వాళ్లు అడిగారు. అక్కర్లేదు, పురాతన చట్టాలు ఎప్పుడో ఉన్నాయంటూ ఆయన కాగితాలు పంపాడు. అన్నేళ్లుగా ప్రధాన పూజారిణిగా ఉన్న డోరీన్‌కే వాటి సంగతి తెలీదు! పాత కాలపు ఇంగ్లీషులో, తగినంత గంభీరంగా ఉన్న ఆ చట్టాల్లో ఒకటేమిటంటే, వయసు మళ్లుతున్న పూజారిణి మర్యాదగా పక్కకి తప్పుకుని పడుచుపిల్లకి చోటివ్వాలట. అప్పటికి డోరీన్‌కి 35, చట్టం తీసిన ఆయనకి 73. పూజారి ఎప్పుడు తప్పుకోవాలో మాత్రం అందులో లేదు, పాపం పూర్వీకులు మర్చిపోయినట్టున్నారు.

డోరీన్ ఆ కాగితాల్ని పైసా నమ్మలేదు. కొందరిని వెంటబెట్టుకుని బయటికి నడిచింది, సొంతంగా ఇంకో వలయం గీసుకోవడానికి.