సవరణ: లైఫ్ సర్టిఫికెట్ కోసం కాశీ ప్రయాణం మానుకోనక్కర్లేదు

పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ (పెన్షన్ ఆగకుండా ఏటా ఇచ్చే, బతికే ఉన్నామన్న ధ్రువీకరణ) ఇచ్చాకే ప్రయాణాలు పెట్టుకోవాలని మొన్న రాశాను. అది చదివి కొందరు పెద్దవాళ్లు కార్తీకమాసంలో కాశీ వెళ్లడమే మానుకుందామనుకుంటున్నారట. దయచేసి మానుకోకండి. బ్యాంకుకే వెళ్లి సంతకం పెట్టాలన్న నియమం లేదు. కాశీలో సత్రం గదిలో కూర్చునైనా ఇవ్వొచ్చు.

ఫోన్‌లో జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్‌లు ఉండాలి. మనవడి ఫోనైనా పర్వాలేదు. ఆధార్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), బ్యాంకు ఖాతా నంబర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. యాప్ ఫోన్ కెమెరాతో ముఖాన్ని గుర్తుపడుతుంది కాబట్టి, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుని, అడిగినప్పుడు కళ్లార్పాలి. వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకు ఇది నిజంగా వరం. పని పూర్తయితే ప్రమాణ్ ఐడీ (సర్టిఫికెట్ నంబరు) మెసేజ్‌గా వస్తుంది, దాన్ని దాచుకోండి.

ఇంకో మాట. నవంబరు గడువు కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లది. ఎనభై దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు. ఈపీఎస్ (పీఎఫ్ సంస్థ ఇచ్చే ఉద్యోగుల పెన్షన్ పథకం) పెన్షనర్లు ఏ నెలలో ఇచ్చినా అక్కణ్నుంచి ఏడాది చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లు మాత్రం తమ ట్రెజరీలో గడువు కనుక్కుని టికెట్లు తీసుకోండి.