బీపీఎస్ గారికి, గుంటూరు బ్రాడీపేట నుంచి

మహారాజశ్రీ బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ పేరులో ఉన్నది దండన. గుంటూరు, బెజవాడల్లో మాత్రం మిమ్మల్ని అందరూ క్రమబద్ధీకరణ అనే పిలుస్తారు. శిక్ష వేసేవారి కోసం సంక్రాంతి అల్లుడికి చూసినట్టు ఎదురుచూడటం మా దగ్గరే చూడాలి.

మొదట 2007 డిసెంబరు 31న జీవో 901గా వచ్చారు. 1985 జనవరి 1 నుంచి 2007 డిసెంబరు 15 దాకా ప్లాను లేకుండానో, ప్లాను దాటో కట్టినవాటిని తెండి, ఫీజు కడితే క్రమబద్ధం చేస్తామన్నారు. మీకోసం చట్టంలో చేర్చిన సెక్షన్‌లో 'ఒక్కసారికి మాత్రమే' అని రాసుంది. ఆ ఒక్కసారి 2015లో మళ్లీ వచ్చింది, 2019లో ఇంకోసారి వచ్చింది. మా మేస్త్రీలు మీ అంత లెక్క తప్పరు.

లెక్కంటే గుర్తొచ్చింది. బ్రాడీపేట అడ్డరోడ్డులో 200 గజాల స్థలం తీసుకుందాం. ముఖం 30 అడుగులు, లోతు 60. ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు వదిలితే అంతస్తుకు దాదాపు 1,214 చదరపు అడుగులు వస్తుంది. కింద స్తంభాలే తప్ప గోడల్లేని పార్కింగ్ స్టిల్టు, పైన మూడు అంతస్తులు, మొత్తం 3,642. ఇది కార్పొరేషన్‌కు చూపే కాగితం.

కట్టేది వేరే. పునాది గుంతలు ప్లాను ప్రకారమే తవ్విస్తారు, తనిఖీకి వచ్చేవారికి అవి కనపడాలి కదా. మొదటి స్లాబు దగ్గర బీములను స్తంభాలు దాటించి రెండడుగుల పైచిలుకు బయటికి లాగి, ఆ అంచు మీద గోడ లేపుతారు. స్టిల్టులో నిలబడితే సెట్‌బ్యాక్, అంటే చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఉంటుంది, తలెత్తి చూస్తే ఉండదు. పక్కలకూ వెనక్కీ అడుగు చొప్పున, ముందు రెండడుగులు మిగిల్చితే అంతస్తు 1,596 అవుతుంది. దాని మీద పెంట్‌హౌస్ అని ముద్దుగా పిలుచుకునే నాలుగో అంతస్తు. మొత్తం 6,384. టెర్రస్ మీద స్తంభాల ఊచలు మూడడుగులు వదిలి ఉంచారంటే అది మీకు వేసిన శుభలేఖ.

అలా బయటికి లాగిన భాగానికి ఇనుము స్లాబు పైభాగంలో ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తొక్కితే అది కిందికి దిగిపోతుంది. బాల్కనీ మూల చీలిక అక్కడే మొదలవుతుంది. మూడు అంతస్తులకు డిజైన్ చేసిన స్తంభాల మీద నాలుగోది కూర్చోబెట్టిన సంగతి పుట్టీ, పెయింటు దాచిపెడతాయి.

అసలు విడ్డూరం స్థలం బేరంలో ఉంది. అమ్మేవాడు 3,642 అడుగులు చూసి ధర చెప్పడు, 6,384 చూసి చెప్తాడు. మీరు మళ్లీ వస్తారన్న ధీమా అప్పుడే గజం రేటులో కలిసిపోతుంది. గజం లక్ష అనుకోండి, స్థలానికి 2 కోట్లు. ప్లాను మీరినవాడికి భూమి ఖర్చు అడుగుకు 3,130 రూపాయలు, ప్లాను ప్రకారం కట్టేవాడికి 5,490. పద్ధతిగా కట్టేవాడు ఆ బేరంలో నోరెత్తలేడు. అడుగులు పెరిగితే ఇళ్లు చవకవుతాయంటారు. నిజమే, కానీ ఇక్కడ పెరిగిన అడుగుల లాభం ఫ్లాటు కొనేవాడి దాకా రాలేదు, దస్తావేజు రాసిన రోజే స్థలం యజమాని జేబులోకి వెళ్లింది.

కొన్నవారి గతి ఇదీ. మూడు ఫ్లాట్లయితే తలా 66 గజాల పైన వచ్చే స్థలంలోని అవిభక్త వాటా నాలుగయ్యేసరికి 50 గజాలకు దిగుతుంది. ప్లానులో లేని ఫ్లాటుకు బ్యాంకు లోను రాదు. అది పొదుపులన్నీ ఊడ్చి, బయట వడ్డీకి తెచ్చి కొనుక్కునేవాడికి దక్కుతుంది. బిల్డర్ల మీద నిఘా ఉంచే రెరాకు పోదామా అంటే 500 చదరపు మీటర్లకు మించని స్థలం, లేదా 8 ఫ్లాట్లకు మించని కట్టడం దాని దగ్గర రిజిస్టర్ చేయనక్కర్లేదు. అంటే 598 గజాల లోపు అడ్డరోడ్డు అపార్ట్‌మెంట్లకు కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడిగా జమచేసే నియమమూ లేదు. ఇంటి పన్ను మీద అనధికార నిర్మాణ జరిమానా మాత్రం క్రమం తప్పదు.

మీరొచ్చేసరికి బిల్డర్ ఇంకో పేటలో ఇంకో స్లాబు వేయిస్తుంటాడు. కొలతల ప్లాను, దస్తావేజు, స్ట్రక్చరల్ ఇంజనీరు ధ్రువపత్రం, ఏదైనా అయితే బాధ్యత మాదేనని రాసే ఇండెమ్నిటీ బాండు పోగుచేసేది ఫ్లాట్లవాళ్లే. ఫీజు రిజిస్ట్రేషన్ శాఖ భూమి విలువను బట్టి కాబట్టి బజారు ధరతో చూస్తే మీరు దయగలవారే. చిక్కల్లా స్టిల్టు దగ్గర. అందులో టిఫిన్ సెంటరు పెట్టుంటే మీరు ఒప్పుకోరు, పార్కింగ్ స్థలం కదా. 'అద్దె తినేది కింది ఫ్లోర్, ఫీజు మేమెందుకు కట్టాలి' అని పైవాళ్లు వాట్సాప్ గ్రూపులో మొదలుపెడతారు. ఆఖరి తేదీ దాటుతుంది. సర్లెండి, మీరు మళ్లీ వస్తారు.

మధ్యలో సుప్రీంకోర్టు వారొకరు. 2024 డిసెంబరు 17న మీరట్ అక్రమ కట్టడం కేసులో, ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్లు, బ్యాంకు లోను ఇవ్వాలన్నారు. అడ్డరోడ్డుకు ఆ కబురు నడిచి వస్తున్నట్టుంది.

మీ వైపూ ఒక మాట ఒప్పుకోవాలి. 200 గజాల్లో మూడో వంతు ఖాళీ వదలమనడం ఎక్కువే. నాలుగో అంతస్తు తగుననుకుంటే ఆ మాట ముందే చెప్పి, డబ్బూ ముందే కట్టించుకోండి. అప్పుడు ఇంజనీరు నాలుగుకీ సరిపడా స్తంభాలు గీస్తాడు, బ్యాంకు నాలుగో ఫ్లాటుకూ లోనిస్తుంది, వీధి డ్రైనేజీ పైపు మార్చడానికి డబ్బు ఆ పైపు పొంగకముందే చేతికొస్తుంది. కానీ అలా చేస్తే మీ ఉద్యోగం పోతుంది. అందుకే గట్టిగా అడగట్లేదు.

చిన్న విన్నపం. ఈసారి కటాఫ్ తేదీ, అంటే ఏ రోజులోపు కట్టినవి తీసుకుంటారో ఆ తేదీ, ఓ నెల ముందు చెవిన వేయండి. పెద్ద స్లాబుకు సెంట్రింగ్ కర్రలు రెండు వారాలైనా ఉంచాలి. కర్రలు తీయకముందే ఫొటో తీసి అప్‌లోడ్ చేస్తే, ఎన్నో ఏళ్ల కిందటి ఇంట్లో కాంక్రీటు ఇంకా తడిగా కనబడుతోంది.

ఇట్లు,
స్తంభాల ఊచలు వదిలి ఉంచిన టెర్రస్‌ల తరఫున