లైన్‌మన్ ప్రాణం మీదకు మీ జనరేటర్

తుపాను హెచ్చరిక రాగానే కోస్తాలో జనరేటర్లకు గిరాకీ మొదలవుతుంది. తెచ్చుకున్నాక కొందరు దాన్ని ఇంటికి తగిలించే తీరు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. వైరుకు రెండు కొసలా పిన్నులు బిగించి, ఒకటి జనరేటర్‌లో, రెండోది గోడ సాకెట్‌లో గుచ్చేస్తున్నారు. మెయిన్ ఆపారా అని అడిగితే ‘కరెంటే లేదు కదా’ అంటారు.

ఆ కరెంటు ఇంట్లోనే ఆగదు. మీటరు దాటి, సర్వీసు వైరు మీదుగా స్తంభం ఎక్కుతుంది. 11 వేల వోల్టులను ఇంటి కరెంటుగా దించే ట్రాన్స్‌ఫార్మరే, వెనక నుంచి వచ్చిన దాన్ని మళ్లీ 11 వేలకు పెంచగలదు. సిబ్బంది దీన్ని రిటర్న్ సప్లై అంటారు. సబ్‌స్టేషన్‌లో ఫీడర్‌ను, అంటే ఆ ప్రాంతానికి కరెంటిచ్చే లైనును ఆపినా ఇది ఆగదు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని, లైను ఆగిపోయిందన్న నమ్మకంతో స్తంభమెక్కిన మనిషికి తగిలేది ఇదే.

2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను, 2018లో తిత్లీ శ్రీకాకుళాన్ని కుదిపేసినప్పుడు వేలాది స్తంభాలు నేలకూలాయి. వాటిని నిలబెట్టడానికి వేరే జిల్లాల నుంచి కూడా లైన్‌మన్లు వచ్చారు. అలాంటివాళ్లకు చప్పట్లు కొడతాం, భోజనాలు పెడతాం. అదే వీధిలో రిటర్న్ సప్లై వదులుతాం. ఇదేం మర్యాద?

పనికి ముందు లైనును ఎర్తు చేసుకోవడం సిబ్బంది బాధ్యతేనన్న వాదన ఉంది. కాదనం. అయితే వాళ్ల జాగ్రత్త మన నిర్లక్ష్యానికి లైసెన్సు కాదు. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉన్న ఇంటికి కరెంటు ఎంత అవసరమో మాకూ తెలుసు. ఆ ఫ్రిజ్ వైరును నేరుగా జనరేటర్‌కే పెట్టుకోవచ్చు. ఇల్లంతా వెలగాలంటే ఎలక్ట్రీషియన్‌తో చేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించుకోవాలి. రెండు సరఫరాలు కలవకుండా ఆపేది అదే.

వానకు తడుస్తుందని జనరేటర్‌ను వరండాలోకి, మెట్ల కిందకు లాగడం మరో ఘోరం. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వాంతులు, మగత, ఆపైన నిద్రలోనే ప్రాణం పోవచ్చు. కిటికీ తెరిస్తే చాలదు. యంత్రం ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం బయటివైపు తిరిగి ఉండాలి. తడవకుండా పైన కప్పు ఉండాలి, పక్కలు మూయకూడదు.

తుపాను బులెటిన్‌తో పాటే ఈ హెచ్చరికా డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) నుంచి ప్రతి ఫోనుకూ రావాలి. చేంజ్ ఓవర్ లేని ఇంటి వైరింగుకు జనరేటర్ కలపబోమని అద్దెకిచ్చేవాళ్లు తెగేసి చెప్పాలి. ఇక వినియోగదారులకు ఒక్క మాట. కరెంటు ఇంకా ఎందుకు రాలేదని లైన్‌మన్‌కు ఫోన్ చేసి కేకలేసే ముందు, మీ జనరేటర్ వైరు ఎక్కడ గుచ్చారో వెళ్లి చూడండి. గోడ సాకెట్‌లో ఉంటే ముందు ఇంజిన్ ఆపండి, తర్వాత పీకేయండి.