పొడగరి సెంటర్ చుట్టూ దాడిని అల్లవచ్చా?

వాది: అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్‌లో పొడగరి సెంటర్ల (రింగు దగ్గర ఆడే ఆటగాళ్ల) కాలం చెల్లిందన్న మాటను నేను అంగీకరించను. పర్డ్యూ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ 2023, 2024 సంవత్సరాల్లో వరుసగా దేశంలోని ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. రాల్ఫ్ శాంప్సన్ తరువాత ఆ గౌరవాన్ని వరుసగా అందుకున్నవాడు అతడే. బంతి ముందుగా రింగు దగ్గరున్న ఈడీకి అందాలి, అతనిపైకి ఇద్దరు రాగానే బయట ఖాళీగా దొరికిన షూటర్‌కు చేరాలి: కోచ్ మ్యాట్ పెయింటర్ దాడినంతా ఇలాగే అల్లాడు.

ప్రతివాది: ఆ దాడికి అడ్డుకట్ట ఎలా పడిందో కూడా చూడండి. 2023 జాతీయ టోర్నీ తొలి రౌండ్‌లో 16వ సీడ్ (తన విభాగంలో అట్టడుగు ర్యాంకు) జట్టు ఫెయిర్లీ డికిన్సన్, అంత పొట్టి జట్టై ఉండి కూడా, ఈడీని ముందూ వెనకా చుట్టుముట్టి షూటర్లను వదిలేసింది. పర్డ్యూ 26 త్రీ పాయింటర్లకు (దూరపు గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లకు) ప్రయత్నించి 5 మాత్రమే వేయగలిగి, 63-58తో ఓడింది. మరుసటి ఏడాది ఫైనల్లో కనెక్టికట్ దీనికి పూర్తిగా భిన్నమైన దారి పట్టింది. ఈడీని ఎక్కువగా తన సెంటర్లకే వదిలి, మిగిలినవారు షూటర్లను అంటిపెట్టుకుని ఉన్నారు. ఈడీ ఒక్కడే 37 పాయింట్లు చేసినా, పర్డ్యూ జట్టంతా కలిసి ఒకే ఒక్క త్రీ వేసి 75-60తో ఓడిపోయింది.

వాది: ఆ రెండు ఓటములనూ ఒకే గాటన కట్టకండి. మొదటిసారి పర్డ్యూ గార్డులు (బంతిని నడిపించే బయటి ఆటగాళ్లు) ఇంకా తొలి ఏడాది విద్యార్థులే. వారికి అనుభవం వచ్చాక, అదే సెంటర్‌తో పర్డ్యూ 1969 తరువాత మళ్లీ ఫైనల్ చేరింది.

ప్రతివాది: నా అభ్యంతరానికి మూలం నిబంధనలలోనే ఉంది. అమెరికా వృత్తి లీగ్ ఎన్‌బీఏలో రక్షకుడు ఎవరినీ కాపలా కాయకుండా పెయింట్‌లో (రింగు ముందున్న రంగు వేసిన చోట) మూడు సెకన్లకు మించి నిలవకూడదు. కళాశాల ఆటలో ఆ నియమం లేదు. అందువల్ల బయటి నుంచి షాట్ వేయలేని సెంటర్, మీ గార్డులు దూసుకుపోవలసిన చోటికే ప్రత్యర్థి పొడగరిని వెంటబెట్టుకొచ్చి అక్కడ నిలబెడతాడు. 2018లో విల్లనోవా విశ్వవిద్యాలయ జట్టుకు ఆ చిక్కు లేదు. దాని సెంటర్ ఓమారి స్పెల్‌మన్ బయటి నుంచి గురిచూడగలవాడు కనుక ప్రత్యర్థి సెంటర్ రింగును వదలక తప్పేది కాదు. సెమీఫైనల్లో కాన్సాస్‌పై ఆ జట్టు 18 త్రీలు వేసింది.

వాది: షూటింగ్ ఒక్కటే మార్గం కాదు. 2024-25లో మిషిగన్ ఇద్దరు ఏడడుగుల ఆటగాళ్లను కలిపి ఆడించింది. డానీ వుల్ఫ్ బంతిని నడిపిస్తే వ్లాదిస్లావ్ గోల్డిన్ స్క్రీన్ పెట్టి (రక్షకుడి దారికి అడ్డంగా నిలిచి) రింగు వైపు దూసుకెళ్లేవాడు.

ప్రతివాది: అది నా వాదానికే బలం. నేను ఎత్తును కాదనడం లేదు. షాట్ వేయడానికి ఉన్న 30 సెకన్ల గడువు కరిగిపోతుండగా రింగుకు వీపు పెట్టి బంతిని పట్టుకుని నిలవడాన్ని, మిగిలిన నలుగురూ చూస్తూ ఉండిపోవడాన్నే కాదంటున్నాను.

వాది: ఆ నిలవడం వల్లనే ఫౌల్స్ వస్తాయి. ఎన్‌బీఏలో ఆరు ఫౌల్స్‌కు గాని ఆటగాడు బయటికి పోడు, ఇక్కడ ఐదుకే పోతాడు. ప్రథమార్ధంలోనే రెండు ఫౌల్స్ పడిన ప్రత్యర్థి సెంటర్‌ను అతని కోచ్ చాలాసార్లు బెంచీపై కూర్చోబెడతాడు. అప్పుడు మీరు కోరుకునే ఖాళీ పెయింట్, త్రీ వేయగల సెంటర్ లేకుండానే మీ గార్డులకు దొరుకుతుంది.